హెడ్‌ఫోన్లలో వినే సంగీతం: అందులో ఫోన్ వంతు ఎంత?

రెండు ఫోన్లను పక్కపక్కన పెట్టి, ఒకే హెడ్‌ఫోన్లను ముందు ఒకదానికి, తర్వాత రెండోదానికి తగిలించి, ఒకే పాట విని, ఫలానా ఫోన్‌లో సంగీతం బాగుందని తేల్చడం చాలా తేలిక. ఆ తీర్పు తప్పడం కూడా అంతే తేలిక. రెండింటిలోనూ వాల్యూమ్‌ను సరిగ్గా సగానికి పెట్టినా వాటి నుంచి వెలువడే వోల్టేజి ఒకటిగా ఉండదు. ఆ సగం అంటే ఎంతో ఏ కంపెనీకి ఆ కంపెనీ నిర్ణయించుకుంటుంది. ఒక ఫోన్ ఒక్క డెసిబెల్ (శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణం) బిగ్గరగా మోగినా, వినేవారికి అది బిగ్గరగా ఉన్నట్టు తోచదు. గొంతు మరింత స్పష్టంగా, బాస్ మరింత నిండుగా, వాద్యాలు దేనికది విడివిడిగా ఉన్నట్టు తోస్తుంది. చెవి శబ్ద తీవ్రతను నాణ్యతగా పొరబడుతుంది.

దీనికి కారణం చెవి నిర్మాణంలోనే ఉంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పనిచేసిన హార్వే ఫ్లెచర్, వైల్డెన్ మన్‌సన్ 1933లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, శబ్దం తక్కువ స్థాయిలో ఉన్నప్పుడు మన చెవికి మంద్ర ధ్వనులు మధ్యస్థాయి ధ్వనులతో పోలిస్తే చాలా బలహీనంగా వినిపిస్తాయి. స్థాయి పెరిగేకొద్దీ ఆ అంతరం తగ్గుతుంది. అందుకే ఏ పాటనైనా కాస్త గట్టిగా పెడితే మృదంగం, తబలా, బాస్ గిటార్ ఒక్కసారిగా ముందుకొచ్చినట్టు అనిపిస్తుంది. ఫోన్ మారడం వల్ల వచ్చిందనుకున్న మెరుగుదల చాలాసార్లు ఇదే. కాబట్టి ఫోన్ ధ్వని నాణ్యత గురించి చెప్పే ఏ మాటకైనా ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: రెండింటి తీవ్రతనూ సమానం చేసి విన్నారా? చేయకపోతే ఆ తీర్పును పక్కన పెట్టడమే న్యాయం.

రెండో ప్రశ్న హెడ్‌ఫోన్ల గురించి. ధర దాదాపు ఒకటే అయిన రెండు ఇయర్‌ఫోన్ల మధ్య కూడా కొన్ని పౌనఃపున్యాల వద్ద 10 డెసిబెళ్ల వరకు తేడా ఉండటం అసాధారణమేమీ కాదు. చెవిలో రబ్బరు మొన సరిగా బిగియకపోతే అదే ఇయర్‌ఫోన్‌లో బాస్ దాదాపు మాయమైపోతుంది. మరోవైపు, సరిగా తయారైన రెండు ఫోన్లు, నడపడానికి కష్టం లేని హెడ్‌ఫోన్లకు, 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు దాదాపు సమానమైన సంకేతాన్నే అందిస్తాయి. వాటి తేడా సాధారణంగా డెసిబెల్‌లో చిన్న భాగం మాత్రమే. అంటే వినిపించే స్వభావాన్ని ప్రధానంగా నిర్ణయించేది హెడ్‌ఫోన్. అలాగని ఫోన్ వంతు ఏమీ లేదనడం కూడా పొరపాటే. ఆ వంతు ఎక్కడ బయటపడుతుందో తెలిస్తేనే దాన్ని సరిగా అంచనా వేయగలం.

పాట ఫైలు నుంచి చెవి దాకా సాగే దారిని ఒకసారి చూద్దాం. కుదించి దాచిన ఫైలును ముందుగా యాప్ విప్పుతుంది. ఆ అంకెల ప్రవాహం ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మిక్సర్‌లోకి వెళుతుంది. నోటిఫికేషన్ చప్పుళ్లు, ఈక్వలైజర్ మార్పులు కలిసేది అక్కడే. తర్వాత డాక్ అనే చిప్ ఆ అంకెలను విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. చివరికి ఒక చిన్న ఆంప్లిఫయర్ ఆ సంకేతానికి హెడ్‌ఫోన్లను కదిలించేంత బలాన్నిస్తుంది. ఫోన్‌కు 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉంటే ఈ దశలన్నీ ఫోన్‌లోనే జరుగుతాయి, కాబట్టి మంచికైనా చెడుకైనా బాధ్యత ఫోన్‌దే. జాక్ లేని ఫోన్లలో పరిస్థితి వేరు. 2016లో ఐఫోన్ 7తో జాక్‌ను తొలగించిన ఆపిల్, దానికి బదులుగా ఇచ్చిన చిన్న తీగ అడాప్టర్‌లోనే డాక్‌ను, ఆంప్లిఫయర్‌ను అమర్చింది. యూఎస్‌బీ-సీ ఫోన్లకు దొరికే అడాప్టర్లలో కూడా చాలావరకు ఇదే ఏర్పాటు. అలాంటప్పుడు ‘ఈ ఫోన్ ధ్వని’ అని మెచ్చుకుంటున్నది నిజానికి ఆ అడాప్టర్ ధ్వనినే. అయితే కొన్ని ఫోన్లు యూఎస్‌బీ-సీ రంధ్రం గుండా అనలాగ్ సంకేతాన్నే బయటికి పంపుతాయి. వాటికి సరిపోయే అడాప్టర్‌లో చిప్ ఏదీ ఉండదు, ఉత్త తీగే. ఈ రెండు రకాల అడాప్టర్లూ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఒక ఫోన్‌తో పనిచేసిన అడాప్టర్ మరో ఫోన్‌కు పెడితే అసలు మోగకపోవడానికి తరచుగా కారణం ఇదే.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో డాక్, ఆంప్లిఫయర్ రెండూ హెడ్‌ఫోన్లలోపలే ఉంటాయి. ఫోన్ చేసేది సంకేతాన్ని కుదించి గాలిలో పంపడం ఒక్కటే. సీడీ నాణ్యత గల స్టీరియో సంగీతానికి సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు కావాలి; సోనీ రూపొందించిన ఎల్‌డాక్ అనే కోడెక్ (సంకేతాన్ని కుదించి, మళ్లీ విప్పే పద్ధతి; డాక్ చిప్ కాదు) అత్యధికంగా 990 కిలోబిట్లు పంపగలదు, సంకేతం బలహీనపడితే 660కి, 330కి దిగుతుంది. ఆండ్రాయిడ్‌లో 2017 నాటి 8.0 వెర్షన్ నుంచి ఎల్‌డాక్‌కు చోటుంది. ఐఫోన్లు సాధారణ బ్లూటూత్ హెడ్‌ఫోన్లకు ఎస్‌బీసీ, ఏఏసీ కోడెక్‌లనే వాడతాయి. ఏఏసీ ఎన్‌కోడింగ్ ఎంత బాగా జరుగుతుందన్నది ఫోన్‌ను బట్టి మారుతుంది కనుక, బ్లూటూత్ విషయంలో ఫోన్ల మధ్య నిజమైన తేడా కొంతవరకు ఇక్కడే వస్తుంది. అంతకు మించి, ఒక ఫోన్‌లో ఏ డాక్ చిప్ ఉందన్న ప్రచారం బ్లూటూత్ వినియోగదారుకు ఏ విధంగానూ ఉపయోగపడదు.

ఆ ప్రచారం చాలావరకు అంకెల మీదే నడుస్తుంది కాబట్టి వాటి సంగతి క్లుప్తంగా చూడాలి. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీ, ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి (ఈ కొలతలే నమూనాలు), ఒక్కో నమూనాను 16 బిట్లలో రాసే ప్రమాణాన్ని స్థిరపరిచింది. దానివల్ల అత్యల్ప, అత్యధిక ధ్వనుల మధ్య సుమారు 96 డెసిబెళ్ల అంతరం, 20,000 హెర్ట్జ్ దాటిన పౌనఃపున్య పరిధి లభిస్తాయి. ఇంతకు మించిన 24 బిట్ల, 96,000 లేదా 192,000 నమూనాల ఫైళ్లు నిజంగా మెరుగ్గా వినిపిస్తాయా అన్నదానిపై 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు పరిశోధకులు 554 పరీక్షలు జరిపితే, సరైన సమాధానాలు 49.82 శాతం వచ్చాయి. నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది. 2016లో లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ 18 ప్రయోగాల ఫలితాలను కలిపి విశ్లేషించినప్పుడు సరైన సమాధానాల శాతం 52.3గా తేలింది. తేడా ఉందనుకున్నా అది చాలా స్వల్పం. ఫోన్ పెట్టె మీద ‘32 బిట్’, ‘384 కిలోహెర్ట్జ్’ అని ముద్రించి ఉన్నంత మాత్రాన సంగీతం బాగుంటుందని నమ్మడానికి ఆధారం లేదు. పైగా చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మిక్సర్ అన్ని ఫైళ్లనూ 48,000 నమూనాలకు మార్చే పంపుతుంది. యూఎస్‌బీ ద్వారా మార్పు లేకుండా పంపే సౌకర్యం అధికారికంగా వచ్చింది 2023 నాటి ఆండ్రాయిడ్ 14తోనే. ఆ మార్పిడి సక్రమంగా జరిగితే చెవికి నష్టమేమీ ఉండదని కూడా చెప్పాలి.

అసలైన తేడాలు డాక్ దాటిన తర్వాత, ఆంప్లిఫయర్ దగ్గర మొదలవుతాయి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్లను ఉదాహరణగా తీసుకుందాం. వాటి ఇంపెడెన్స్, అంటే సంకేతానికి అవి చూపే విద్యుత్ నిరోధం, 300 ఓంలు. ఒక వోల్టు అందితే అవి 97 డెసిబెళ్ల ధ్వనిని ఇస్తాయి. ఒక ఫోన్ గరిష్ఠంగా అర వోల్టు మాత్రమే ఇవ్వగలిగితే 6 డెసిబెళ్లు తగ్గి, అత్యధిక ధ్వని 91 డెసిబెళ్ల దగ్గర ఆగిపోతుంది. ఇది సరిపోతుందా అన్నది వినే సంగీతాన్ని బట్టి ఉంటుంది. ఇప్పటి సినిమా పాటల్లో మెల్లని భాగాలను కూడా పెంచి, మొత్తం పాటను గరిష్ఠ స్థాయికి దగ్గరగా మాస్టరింగ్ చేస్తారు కనుక అవి ఆ ఫోన్‌లోనూ దిట్టంగానే మోగుతాయి. అదే సహజంగా రికార్డు చేసిన కర్ణాటక సంగీత కచేరీలో సగటు స్థాయి శిఖరాల కంటే 20 డెసిబెళ్లు తక్కువగా ఉండవచ్చు. అప్పుడు సగటు ధ్వని 71 డెసిబెళ్లకు దిగుతుంది; ఆలాపనలోని సన్నని సంగతులు పంఖా చప్పుడులో కలిసిపోతాయి, వాల్యూమ్‌ను పెంచడానికి ఇంక మెట్టు మిగలదు. అదే ఫోన్, అవే హెడ్‌ఫోన్లు, కాని ఒక శ్రోతకు చాలినంత, మరొకరికి చాలనంత. ఫోన్ సమీక్షల్లో సమీక్షకులు ఏ సంగీతం విన్నారో చెప్పకపోవడం ఎంత పెద్ద లోటో దీన్నిబట్టి అర్థమవుతుంది.

16 లేదా 32 ఓంల ఇయర్‌ఫోన్లకు వోల్టేజి కొరత రాదు. వాటితో వచ్చే చిక్కు ఆంప్లిఫయర్ అంతర్నిరోధం, అంటే సంకేతానికి దాని లోపలే ఎదురయ్యే నిరోధం. ఇది ఎక్కువమందికి తెలియని విషయం, ఫోన్ మారితే ఇయర్‌ఫోన్ స్వభావమే మారినట్టు అనిపించడానికి నిజమైన భౌతిక కారణం కూడా. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ అన్ని పౌనఃపున్యాల వద్దా ఒకేలా ఉంటే, అంతర్నిరోధం ఎంతున్నా ధ్వని మొత్తంగా కాస్త తగ్గుతుందే తప్ప రూపం మారదు. అయితే ఒకే తొడుగులో రెండు, మూడు బాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లను (ధ్వనిని పుట్టించే అతి చిన్న పరికరాలు) అమర్చే ఇయర్‌ఫోన్లలో ఇంపెడెన్స్ ఎగుడుదిగుడుగా ఉంటుంది. అలాంటి ఇయర్‌ఫోన్ ఒకదానికి బాస్ వద్ద 60 ఓంలు, ట్రెబుల్ (హెచ్చు పౌనఃపున్యాల ధ్వనులు) వద్ద 16 ఓంలు ఉన్నాయనుకుందాం. ఫోన్ అంతర్నిరోధం 10 ఓంలైతే, ఆ రెండు నిరోధాల మధ్య వోల్టేజి పంచబడటం వల్ల బాస్ వద్ద 1.3 డెసిబెళ్లు, ట్రెబుల్ వద్ద 4.2 డెసిబెళ్లు తగ్గుతాయి. అంటే ట్రెబుల్ బాస్‌తో పోలిస్తే దాదాపు 2.9 డెసిబెళ్లు వెనకబడుతుంది. ఈక్వలైజర్‌లో ట్రెబుల్‌ను కిందికి లాగినట్టే లెక్క. అదే ఇయర్‌ఫోన్‌ను ఒక ఓం అంతర్నిరోధం గల ఫోన్‌కు తగిలిస్తే ఆ తేడా 0.4 డెసిబెళ్లు కూడా ఉండదు. మొదటి ఫోన్‌ను ‘మెత్తగా, వెచ్చగా’ ఉందనీ, రెండోదాన్ని ‘స్పష్టంగా’ ఉందనీ వర్ణించేవారు అబద్ధం చెప్పడం లేదు. కాని ఆ వర్ణన ఆ జంటకు మాత్రమే వర్తిస్తుంది. పలుచని చదును పొరతో ధ్వనిని పుట్టించే ప్లానర్ మాగ్నెటిక్ హెడ్‌ఫోన్లతో వింటే వాటి ఇంపెడెన్స్ దాదాపు సమానంగా ఉంటుంది కనుక ఆ తేడా మాయమవుతుంది. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకుండా అంతర్నిరోధం ఉండాలన్న వాడుక సూత్రం ఇందుకే పుట్టింది. 16 ఓంల ఇయర్‌ఫోన్‌కు 2 ఓంలు హద్దు. ఫోన్ కంపెనీలు ఈ ఒక్క అంకెను వివరాల పట్టికలో ముద్రిస్తే కొనుగోలుదారులకు డాక్ చిప్ పేరు కంటే ఎంతో మేలు జరుగుతుంది.

ఈ దారిలో గట్టిగా ప్రయత్నించిన కంపెనీ ఎల్‌జీ. 2015లో వచ్చిన వీ10 నుంచి ఆ సంస్థ కొన్ని ఫోన్లలో ప్రత్యేకమైన డాక్, ఆంప్లిఫయర్ అమర్చి, తగిలించిన హెడ్‌ఫోన్ల ఇంపెడెన్స్‌ను ఫోనే గుర్తించి, ఎక్కువ ఓంల వాటికి ఎక్కువ వోల్టేజి ఇచ్చే ఏర్పాటు చేసింది. 2021లో ఎల్‌జీ ఫోన్ల వ్యాపారం నుంచే తప్పుకుంది. ఇప్పుడు ఆ లోటును తీరుస్తున్నవి జేబులో పట్టే యూఎస్‌బీ డాక్ అడాప్టర్లు. వాటిలో చౌకరకాలు కూడా కొలతల్లో చక్కగా నిలుస్తున్నందువల్ల, ధ్వని కోసమే ఖరీదైన ఫోన్ కొనాల్సిన అవసరం చాలావరకు తగ్గింది.

ఇక రొద. సున్నితమైన ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడు పాట మొదలవక ముందే సన్నని ‘స్స్’ శబ్దం వినిపిస్తే అది ఆంప్లిఫయర్ రొద. దీన్ని పట్టుకోవాలంటే పాటను ఆపితే చాలదు, ఎందుకంటే ఏమీ మోగనప్పుడు చాలా ఫోన్లు ఆంప్లిఫయర్‌ను నిద్రపుచ్చుతాయి. పూర్తి నిశ్శబ్దం రికార్డయిన ఫైలును మోగిస్తూ వినాలి. డేటా వాడుతున్నప్పుడు, ఛార్జరు తగిలించినప్పుడు, స్క్రీన్‌పై వేలు కదిపినప్పుడు ఆ రొద మారితే లోపలి సర్క్యూట్‌లో విద్యుత్ కాలుష్యం ఉందని అర్థం. పాత 2జీ (జీఎస్ఎం) కాల్స్ సమయంలో స్పీకర్లలో వినిపించే ‘టకటకా’ చప్పుడు ఇలాంటిదే. జీఎస్ఎం రేడియో సెకనుకు 217 సార్లు ఆన్, ఆఫ్ అవుతుంటుంది, ఆ కంపనమే ధ్వని తీగల్లోకి చొరబడుతుంది.

పరీక్షకు ముందు ఫోన్‌లోని ‘మెరుగుదలలు’ అన్నింటినీ ఆపేయాలి. కొన్ని ఫోన్లు డాల్బీ అట్మాస్ వంటి ప్రభావాలను ముందే ఆన్ చేసి పంపుతాయి. ధ్వనిని వెడల్పు చేసి, బాస్‌ను పెంచే ఈ ప్రభావాలు మొదటి రెండు నిమిషాల్లో ఆకట్టుకుంటాయి, అరగంట తర్వాత అలసట తెప్పిస్తాయి. యాప్‌లో పాటల స్థాయిని సమానం చేసే సౌకర్యం కూడా ఒక ఫోన్‌లో ఆన్, మరో ఫోన్‌లో ఆఫ్ ఉంటే పోలిక చెడిపోతుంది. ఇంకా ముఖ్యం, రెండు ఫోన్లలో ఉన్నది ఒకే ఫైలై ఉండాలి. పాత తెలుగు పాటల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఒకే పాట ఒకచోట గ్రామఫోన్ రికార్డు నుంచి, మరోచోట క్యాసెట్ నుంచి తీసినదై ఉంటుంది. రొదను తుడిచే ప్రయత్నంలో గొంతులోని గాలి, తీగల మీది మెరుపు కూడా పోగొట్టుకున్న ప్రతులు, కృత్రిమంగా స్టీరియో చేసిన ప్రతులు అంతటా ఉన్నాయి. అలాంటి రెండు ప్రతులను రెండు ఫోన్లలో విని ఫోన్లకు మార్కులు వేయడం, రెండు వేర్వేరు వంటలు తిని పళ్లేలకు మార్కులు వేయడం వంటిది.

వినడానికి ఎంచుకునే సంగీతం విషయంలో ఇంగ్లిషు సమీక్షల జాబితాలను అనుసరించనవసరం లేదు. బాగా తెలిసిన ధ్వనే అన్నిటికంటే మంచి కొలబద్ద. తంబూరా నాదంలో ప్రతి మీటుకూ పుట్టే అతిస్వరాలు ఒకదాని వెంట ఒకటి విచ్చుకుంటాయి; తీగ కింద ఉంచే నూలుదారం వల్ల వచ్చే ఆ జీవం కోల్పోయి నాదం చదునుగా వినిపిస్తే ట్రెబుల్ ఎక్కడో తగ్గిందని అనుమానించవచ్చు. మృదంగంలో రవ్వముద్ద పూసిన ఎడమ వైపు దెబ్బలో గుమికీ (అరచేతి అడుగుతో చర్మాన్ని నొక్కి పుట్టించే జారుడు ధ్వని) తర్వాత నాదం ఎలా సాగి ఆగుతుందో, నల్లని పూత ఉన్న కుడి వైపు దెబ్బలో మొదటి క్షణపు చురుకు ఎంత తేటగా ఉందో చూడాలి. ఒకే చర్మవాద్యం రెండు కొసల్నీ పరీక్షిస్తుంది. నాదస్వరం గట్టిగా ఊదే చోట గరుకు వినిపిస్తే ఆంప్లిఫయర్ తన హద్దు దాటి శిఖరాలను కోసేస్తోందేమో వాల్యూమ్ తగ్గించి మళ్లీ వినాలి. తగ్గించగానే గరుకు పోతే దోషం ఫోన్‌లోనో, అడాప్టర్‌లోనో, హెడ్‌ఫోన్‌లోనో ఉంది, పోకపోతే రికార్డింగులోనే ఉంది. 1950, 60 దశకాల సినిమా పాటలు మోనోలో రికార్డయినవి, అంటే రెండు చెవులకూ ఒకే సంకేతం. అసలైన మోనో ప్రతిలో గాయకుడి గొంతు సరిగ్గా తల మధ్యలో నిలవాలి. ఒక పక్కకు జరిగితే ఎడమ, కుడి ఛానెళ్ల మధ్య తూకం తప్పిందన్నమాట. అప్పుడు ఇయర్‌ఫోన్లను చెవులు మార్చి పెట్టుకోవాలి. గొంతు కూడా పక్క మారితే తేడా ఇయర్‌ఫోన్లలోనో ఫోన్‌లోనో ఉంది, అదే పక్కన నిలిచిపోతే తేడా వినేవారి చెవుల్లో ఉంది. ఖర్చు లేని పరీక్షల్లో ఇంత ఉపయోగకరమైనది మరొకటి లేదు.

ఈ పరిశీలనల తర్వాత కూడా రెండు ఫోన్లలో ఏది మెరుగని నిర్ధారించాలంటే తీవ్రతలను సమానం చేయాల్సిందే. 100 హెర్ట్జ్ స్వరాన్ని రెండు ఫోన్లలోనూ మోగిస్తూ, హెడ్‌ఫోన్లు తగిలించి ఉండగానే, ఒక జాక్‌ను రెండుగా చీల్చే స్ప్లిటర్ రెండో కొస దగ్గర మామూలు మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజి కొలవాలి. చౌక మీటర్లు ఎక్కువ పౌనఃపున్యాల వద్ద తప్పు చూపుతాయి కాబట్టి 100 హెర్ట్జ్ మేలు. రెండు రీడింగుల మధ్య తేడా ఒక శాతం లోపు ఉంటే తీవ్రతల తేడా 0.1 డెసిబెల్ లోపే. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్‌కు 15 మెట్లే ఉంటాయి కనుక మీటల ద్వారా అంత దగ్గరకు రావడం కుదరదు. బిగ్గరగా ఉన్న ఫోన్‌లోని ఫైలు స్థాయినే ఏదైనా ఎడిటింగ్ యాప్‌లో ఆ మేరకు తగ్గించుకోవాలి. తర్వాత ఏ ఫోన్ మోగుతోందో వినేవారికి కనబడకుండా మరొకరు నాణెం ఎగరేసి మారుస్తూ ఉండాలి. ఇలా పదిసార్లు విన్నప్పుడు గుడ్డి ఊహతోనే ఎనిమిది లేదా అంతకంటే ఎక్కువ సరిగా చెప్పే అవకాశం 5.5 శాతం, తొమ్మిది లేదా అంతకంటే ఎక్కువ చెప్పే అవకాశం 1.1 శాతం. కాబట్టి తొమ్మిది వస్తే తేడా నిజమని నమ్మవచ్చు. ఆరో ఏడో వస్తే ఆ తేడా మీద డబ్బు పెట్టడం తొందరపాటు.

ఈ పరీక్ష ఫ్యాన్ ఆపిన గదిలో, మధ్యస్థ స్థాయిలో, ఒక్కో విడతకు పది పదిహేను నిమిషాలకు మించకుండా చేయాలి. గట్టి శబ్దం కాసేపు విన్నా చెవి తాత్కాలికంగా మొద్దుబారుతుంది, ఆ తర్వాత విన్న ఫోన్‌కు అన్యాయం జరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల యూనియన్ కలిసి 2018లో ఇచ్చిన ప్రమాణం పెద్దవారికి వారానికి 40 గంటలపాటు 80 డెసిబెళ్ల వరకు సురక్షితమంటుంది. ప్రతి 3 డెసిబెళ్ల పెరుగుదలకూ ఆ వ్యవధి సగమవుతుంది. 89 డెసిబెళ్ల వద్ద మిగిలేది వారానికి ఐదు గంటలే. బస్సులో, రైల్లో బయటి చప్పుడును మించి వినిపించాలని ఈ స్థాయికి చేరడం ఎంతో సులభం, అలాంటి చోట ఫోన్ల మధ్య ఉండే ఏ సూక్ష్మ తేడా అయినా ఆ చప్పుడులో పూర్తిగా మునిగిపోతుంది. ప్రయాణాల్లోనే ఎక్కువగా సంగీతం వినేవారికి ఫోన్ ఏదన్న దానికంటే బయటి శబ్దాన్ని అడ్డుకునే ఇయర్‌ఫోన్ మొన చెవికి సరిగా అమరిందా లేదా అన్నదే పెద్ద విషయం.